పట్టాలు ఉన్నాయి, కింద నేల లేదు

2024లో ఓరుగల్లు చుట్టుపక్కల మూడు నెలల తేడాతో రెండు సంగతులు జరిగాయి. సెప్టెంబర్ 1న కుంభవృష్టికి మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య రైలు కట్ట కొట్టుకుపోయింది. డిసెంబర్ 4 పొద్దున్న 7:27కి ములుగు జిల్లాలో, మేడారం అడవుల వైపు, 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. రెండు చోట్లకీ మధ్య దూరం వంద కిలోమీటర్ల లోపే. మొదటిదానికి కాజీపేట - విజయవాడ లైను కొన్ని రోజులు మూతపడింది, ఉత్తరాదికీ దక్షిణాదికీ వెళ్లే రైళ్లన్నీ చుట్టు తిరిగి పోయాయి. రెండోదానికి ఒక్క స్లీపర్ కదిలిన వార్త కూడా రాలేదు. కానీ వాట్సాప్‌లో హడావిడి మాత్రం రెండోదానికే! ఫ్యాను ఊగిన వీడియో, చేపల తొట్టిలో నీళ్లు తొణికిన వీడియో... హైదరాబాద్‌లో ఆఫీసుకెళ్లేలోగా ఒక్కొక్కరూ పది చూసుంటారు.

భూకంపం మనకి సినిమా లాంటిది, వరద ఇంట్లో మనిషి లాంటిది. ఇంట్లో మనిషిని ఎవరు పట్టించుకుంటారు?

సరే. ఇంతకీ భూకంపం నిజంగా వస్తే రైలు పట్టాలకీ వంతెనలకీ ఏమవుతుంది? మన దేశంలో దీనికి మంచి రికార్డు ఉంది, 1897 నుంచీ.

ఆ ఏడు జూన్ 12 సాయంత్రం అస్సాంలో వచ్చిన భూకంపం ప్రపంచంలోని అతిపెద్ద భూకంపాల్లో ఒకటి. తీవ్రత 8కి అటూఇటూ అంటారు. జియలాజికల్ సర్వేలో పనిచేసే ఆర్.డి. ఓల్డ్‌హామ్ అనే ఆయన ఆ ప్రాంతం గురించి 1899లో ఒక పెద్ద నివేదిక అచ్చువేయించాడు. పాముల్లా మెలికలు తిరిగిన పట్టాల ఫోటోలు అందులో ఉన్నాయి. ఉక్కు పట్టా పాములా ఎలా మెలికపడుతుంది? భూమి ఊగడం వల్ల కాదు, భూమి జరగడం వల్ల. నది ఒడ్డున ఇసక నేల వదులై నది వైపుకి జారుతుంది. రెండు ఒడ్లూ ఒకదాని వైపు ఒకటి జరిగితే మధ్యలో దూరం తగ్గుతుంది. పట్టా పొడవు మాత్రం తగ్గదు కదా, పోవడానికి దారిలేక పక్కకి వంగుతుంది. వంతెన చివరనుండే గోడలు ముందుకి నెట్టుకొస్తే గర్డర్లు ఒకదానికొకటి గుద్దుకుంటాయి, లేకపోతే కూర్చున్న పీట మీంచి జారి కింద పడతాయి. పాత వంతెనల్లో గర్డర్‌ని పిల్లర్ మీద ఊరికే కూర్చోబెట్టేవారు, దాని బరువే దానికి తాళం. నిలువు బరువుకి అది చాలు. అడ్డంగా తోసేవాడు వస్తే కష్టం.

1934 జనవరి 15న బీహార్‌లో ఇంకో రకం చూశారు. గంగకి ఉత్తరాన మెత్తటి ఒండ్రు నేల, కింద నిండా నీళ్లు. ఊపుకి ఇసక నీళ్లలా మారి పైకి ఊటలు పోసింది. దాని మీదున్న కట్టలు కూరుకుపోయాయి. కట్ట దిగిపోయినచోట పట్టాలు, స్లీపర్లతో సహా, తాడు నిచ్చెనలా గాల్లో వేలాడాయి.

ఈ తాడు నిచ్చెన బొమ్మని గుర్తుపెట్టుకోండి, దానితో పనుంది.

అస్సాం భూకంపం వచ్చిన 1897లోనే, నవంబర్‌లో, మన రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన పని మొదలైంది. 1900 ఆగస్టుకల్లా రైళ్లు నడిచాయి. 56 స్పాన్లు, ఒక్కోటీ 150 అడుగులు, రాతి స్తంభాలు. కట్టించిన వాల్టన్ అంతకుముందు కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టినవాడు. ఆ వంతెన 1997 దాకా పనిచేసి రిటైరయింది. వందేళ్లకి దగ్గర! నాకు తెలిసిన ఏ సాఫ్ట్‌వేరూ ఆ మాట చెప్పుకోలేదు :) గోదావరి మీద ఇంజనీర్ల భయమంతా వరద గురించే అయ్యుంటుందని నా ఊహ. స్తంభం కాళ్ల దగ్గర ఇసకని నది ఎంత లోతు తవ్వుకుపోతుంది, పునాది అంతకన్నా ఎంత కిందికి దించాలి, ఇదే లెక్క. ఆ భయం సరైన భయం. వరద దెబ్బ ఏటా వచ్చే పరీక్ష, భూకంపం నూరేళ్లకో రెండు నూర్లకో వచ్చే పరీక్ష.

కానీ అదే గోదావరి గురించి ఒక చిత్రం చెప్పాలి. మనకి రైలు ఎందుకొచ్చిందో, భూకంపం ఎందుకొస్తుందో, రెండింటికీ కారణం ఒకటే. కోట్ల సంవత్సరాల క్రితం ప్రాణహిత - గోదావరి పొడవునా భూమి చీలి, మధ్య భాగం కిందికి దిగింది. ఆ పల్లంలో అడవులు, మట్టి పేరుకుని బొగ్గయింది. అదే సింగరేణి. నిజాం రైల్వే సికింద్రాబాద్ నుంచి ఓరుగల్లు, డోర్నకల్ మీదుగా 1889కి బెజవాడ చేరింది. డోర్నకల్ నుంచి ఇల్లెందుకి వేసిన కొమ్మ బొగ్గు కోసమే. ఆ చీలిక అంచులు పాత గాయంలా ఇంకా అప్పుడప్పుడూ సలుపుతూనే ఉన్నాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. 2024లో ములుగుదీ ఆ గాయం మీదే. అందుకే మ్యాపులో హైదరాబాద్ ఉన్న పేటకన్నా భద్రాచలం వైపు పేట ఒక మెట్టు ఎక్కువ ప్రమాదంది. (భద్రాచలం రోడ్ అని పేరున్న స్టేషన్ కొత్తగూడెంలో ఉంటుంది. దిగాక భద్రాచలానికి ఇంకో నలభై కిలోమీటర్లు పోవాలి. రాములవారికి రైలు ఇంకా అందలేదు.)

మ్యాపు అన్నాను కాబట్టి దాని కథ. 1931లో బలూచిస్తాన్‌లో మాచ్ భూకంపం తర్వాత నార్త్ వెస్టర్న్ రైల్వేకి అక్కడ భూకంపానికి తట్టుకునే క్వార్టర్లు కావాల్సొచ్చాయి. ఎస్.ఎల్. కుమార్ అనే కుర్ర రైల్వే ఇంజనీరు లెక్కలు కట్టి డిజైన్ చేశాడు, 1933లో వ్యాసం రాశాడు. దేశాన్ని భూకంప పేటలుగా విడదీసిన తొలి మ్యాపుల్లో ఒకటి అందులోదే. 1935 మే 31న క్వెట్టా ఊరంతా నేలమట్టమైతే, ఆయన పద్ధతిలో కట్టిన క్వార్టర్లు నిలబడ్డాయి. మన దేశంలో భూకంప ఇంజనీరింగుకి పునాది వేసినవాళ్లలో ఒకడు రైల్వే ఉద్యోగి అన్నది ఎందుకో ఎక్కువమందికి తెలీదు.

తర్వాత 1962లో ఐ.ఎస్. 1893 అనే కోడ్ వచ్చింది. అందులో సున్నా నుంచి 6 దాకా పేటలు. దక్కను పీఠభూమిలో చాలా భాగం సున్నాలో! అంటే అక్కడ భూకంపం లెక్కే వేసుకోనక్కర్లేదని. 1967 డిసెంబర్ 11న కొయనా కుదిపింది, 1970 సవరణలో సున్నా పేట పోయింది. ఇక అన్నిటికన్నా తక్కువది 1. అందులో హైదరాబాద్ ఉంది, మరాఠ్వాడాలో కిల్లారి కూడా ఉంది. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున కిల్లారిలో 6.2 వచ్చి పదివేల మందికి దగ్గరగా పోయారు. హైదరాబాద్‌లోనూ జనం నిద్రలేచి బయటికొచ్చారు. 2002లో ఆ 1వ పేట కూడా పోయింది, మనం 2లోకి వచ్చాం. ప్రతిసారీ మ్యాపు చెప్పాక భూకంపం రాలేదు, భూకంపం వచ్చాక మ్యాపు మారింది. ప్రొడక్షన్‌లో బగ్ వచ్చాక టెస్ట్ కేసు రాసే అలవాటు మన ఒక్కళ్లదే కాదన్నమాట.

మేముండే కృష్ణానగర్ పక్కనే బోరబండ. 2020 అక్టోబర్ 2 రాత్రి అక్కడ భూమిలోంచి చప్పుళ్లొచ్చి జనం రోడ్ల మీదికి వచ్చేశారు. ఉప్పల్‌లోని ఎన్.జి.ఆర్.ఐ. వాళ్లు కొలిస్తే తీవ్రత 1.4. భారీ వానల తర్వాత నీళ్లు రాతి పగుళ్లలోకి ఇంకి ఒత్తిడి పెంచడం వల్ల ఇలాంటి చిన్న కంపాలు వస్తాయని శాస్త్రవేత్తలు చెప్పారు. భూకంపంలో కూడా వానదే హస్తం, చూశారా! ఈ తీవ్రతల లెక్క తెలీక చాలామంది 1.4కీ 5.3కీ ఒకేలా భయపడతారు. ఇది లాగరిథమ్ కొలత. ఒక్క అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు. 2001 జనవరి 26న కచ్‌లో వచ్చింది 7.7. ములుగుతో పోలిస్తే దాదాపు నాలుగు వేల రెట్లు. పైగా ములుగుది 40 కిలోమీటర్ల లోతున పుట్టింది. అందుకే మనకి ఫ్యాన్లు ఊగితే, కచ్‌కి దారిచ్చే సూరజ్‌బారీ దగ్గర వంతెనలు దెబ్బతిన్నాయి.

యూసుఫ్‌గూడ స్టేషన్‌లో మెట్రో ఎక్కి హైటెక్ సిటీ వెళ్లేవాళ్లు ఒకసారి కింది నుంచి పిల్లర్ తల వైపు చూడండి. పిల్లర్‌కీ పైన పెట్టె ఆకారపు గర్డర్‌కీ మధ్య చిన్న ఖాళీ ఉంటుంది. అక్కడ బేరింగులు ఉంటాయి. ఇలాంటి కట్టడాల్లో గర్డర్ పక్కకి జారకుండా ఆపే అడ్డాలు కూడా పెడతారు. అస్సాంలో జారిన గర్డర్లు నేర్పిన పాఠం అది, ఎర్రగడ్డ ట్రాఫిక్ మీద మనకి ఉపయోగపడుతోంది. అయినా ఈ పేటలో వంతెన కూలడానికి భూకంపమే అక్కర్లేదని 2007 సెప్టెంబర్ 9న పంజాగుట్టలో చూశాం. కడుతున్న ఫ్లైఓవర్ వానలో కూలి ప్రాణాలు పోయాయి.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. తెలుగునాట రైలు వంతెన కూలి జనం చచ్చిపోయిన పెద్ద ప్రమాదాలు చూడండి. 1954 సెప్టెంబర్ చివర్లో జనగామ దగ్గర, 136 మంది. 1956 సెప్టెంబర్ 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య, వందమందికి పైగా. అప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ వద్దన్నాడు. అదే నవంబర్‌లో తమిళనాడులో అరియలూర్ దగ్గర ఇంకోటి జరిగాక ఆయన ఆగలేదు. స్కూల్లో అందరం అరియలూరు కథే చదువుకున్నాం, మొదటి రాజీనామాకి కారణం మన పాలమూరు అన్న సంగతి ఏ పాఠంలోనూ లేదు. తర్వాత 2005 అక్టోబర్ 29, వలిగొండ. రేపల్లె నుంచి సికింద్రాబాద్ వచ్చే డెల్టా ఫాస్ట్ ప్యాసింజర్. పైనున్న చెరువు తెగి నీళ్లొచ్చి రామన్నపేట, వలిగొండ మధ్య ఒక చిన్న వంతెనని ఎత్తుకుపోయాయి. తెల్లారకముందే వచ్చిన రైలు అందులో పడింది. మళ్లీ వందకి పైగా.

ఒక్కటీ భూకంపం కాదు, అన్నీ నీళ్లే. గోదావరి, కృష్ణల మీదున్న మహా వంతెనలు ఒక్కటీ కూలలేదు. కూలినవన్నీ రైల్లో వెళ్తుంటే మనం కిటికీలోంచి గమనించను కూడా గమనించని వాగుల మీదివి. పెద్ద వంతెనల దగ్గర కాపలా ఉంటుంది, ఈ మధ్య కొన్నిచోట్ల నీటిమట్టం కొలిచి ఎస్సెమ్మెస్ పంపే యంత్రాలు కూడా పెట్టారు. కల్వర్టుకి ఎవరు పెడతారు? తెలంగాణ చెరువులు గొలుసు కట్టు చెరువులు. పైది తెగితే దాని కిందది తెగుతుంది, దాని కింద ఇంకోటి. చెరువు ఒక శాఖది, పట్టా ఇంకో శాఖది. చెరువు తెగిన కబురు ఊళ్లో వాళ్లకి తెలిసిన ఎంతసేపటికి స్టేషన్ మాస్టర్‌కి చేరుతుందన్నదే చావుబతుకుల లెక్క.

ఇప్పుడు ఆ తాడు నిచ్చెన. కేసముద్రం ఫోటోలు మీరూ చూసుంటారు. కట్ట, కంకర మొత్తం పోయి పట్టాలు స్లీపర్లతో గాల్లో వేలాడుతున్నాయి. అచ్చం బీహార్‌లో లాగే. సిగ్నలింగ్ మనిషిని అడిగితే దీని భయమేంటో చెప్తాడు. ట్రాక్ సర్క్యూట్ అంటే రెండు పట్టాల గుండా చిన్న కరెంటు పంపడం. రైలొచ్చి చక్రాలు రెండు పట్టాలనీ కలిపితే కరెంటు అటువైపు చేరదు, సిగ్నల్ ఎర్రబడుతుంది. పట్టా తెగినా చాలావరకు అదే జరుగుతుంది. కానీ పట్టా తెగకుండా కింద నేల మాత్రమే పోతే? కరెంటు నిక్షేపంగా పారుతుంది. నిజానికి ఇంకా బాగా పారుతుంది, తడి కంకరలోంచి లీకయ్యేది కూడా లీకవదు కాబట్టి. సిగ్నల్ పచ్చగా ఉంటుంది! యాక్సిల్ కౌంటర్లు ఉన్నచోట అయితే లోపలికి ఎన్ని ఇరుసులు వెళ్లాయి, బయటికి ఎన్ని వచ్చాయి అన్న లెక్కే, పట్టా ఉందో లేదో కూడా వాటికి అక్కర్లేదు. సర్వర్ పింగ్‌కి జవాబిస్తూ ఉంటుంది, లోపల అప్లికేషన్ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. రాత్రి మూడింటికి సపోర్ట్ కాల్‌లో కూచున్నవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

మన లింగంపల్లి - వికారాబాద్ - వాడి వైపు పట్టాల మీద పరీక్షించి తయారుచేసిన కవచ్ మంచి వ్యవస్థే. ఎర్ర సిగ్నల్ దాటితే బండిని ఆపుతుంది, ఎదురెదురు గుద్దుకోకుండా చూస్తుంది. కింద నేల లేదన్న సంగతి మాత్రం దానికి ఎవరో ఒకరు చెప్పాలి.

భూకంపం విషయంలో ఈ చెప్పే పని జపాన్‌వాళ్లు బాగా చేశారు. దీని మూలం మళ్లీ అస్సాం భూకంపమే. ఎక్కడో యూరప్‌లో నమోదైన ఆ ప్రకంపనల గీతలు చూసి ఓల్డ్‌హామ్ 1900లో తేల్చిందేంటంటే, భూకంపం ఒకటిగా రాదు, ముందు ఒక వేగమైన అల, వెనక ఒక నిదానమైన అల. ముందుది సెకనుకి సుమారు 6 కిలోమీటర్లు, పెద్దగా నష్టం చేయదు. వెనకది మూడున్నర, కొట్టేది అదే. కిల్లారి మనకి సుమారు 200 కిలోమీటర్లు. రెండు అలల మధ్య తేడా 24 సెకన్లు వస్తుంది. వంద కిలోమీటర్ల వేగంతో పోయే రైలు ఆలోపు 660 మీటర్లు పోతుంది. పూర్తిగా ఆగకపోవచ్చు, వేగం మాత్రం బాగా తగ్గుతుంది. పసిగట్టే యంత్రం భూకంపం పుట్టినచోటే ఉంటే ఇంకా టైం దొరుకుతుంది, తీగలో కబురు అలకన్నా వేగం కదా. షింకన్‌సెన్ లైన్లలో ఈ యంత్రాలు కరెంటు కోసేస్తాయి, బ్రేకులు వాటంతటవే పడతాయి. 2004 అక్టోబర్‌లో చుయెత్సు భూకంపానికి ఒక బండి పట్టాలు తప్పింది, లోపల 150 మందికి పైగా ఉన్నారు, ఒక్కరూ పోలేదు. 2011 మార్చి 11న అంత పెద్ద భూకంపంలోనూ బుల్లెట్ రైళ్లలో ప్రయాణికులెవరూ చనిపోలేదు. ఫ్రీమాంట్‌లో బార్ట్ ఎక్కే మనవాళ్లకి ఇంకో కబురు: హేవార్డ్ పగులు పక్కనే నడిచే ఆ రైలుకి 2012 నుంచీ ఇలాంటి హెచ్చరిక వ్యవస్థ ఉంది.

మన దేశంలో ముంబయి - అహ్మదాబాద్ బుల్లెట్ రైలు కోసం 28 సీస్మోమీటర్లు పెట్టాలని నిర్ణయించారు. వాటిలో ఒకటి, లైనుకి ఎంతో దూరంలో ఉన్న లాతూర్‌లో. మంచిదే. పదివేల మందిని మింగిన చోటు కనీసం ఎవరికో కబురు పంపడానికి పనికొస్తుంది. చెరువుకీ కల్వర్టుకీ ఇలాంటి తీగ వేయడం దానికన్నా చవకే అని నా అభిప్రాయం. నీళ్లు సెకనుకి మూడున్నర కిలోమీటర్ల వేగంతో రావు, గంటలు పడుతుంది.

కేసముద్రంలో రైలు ఆ గుంటలో పడలేదు. వర్షాకాలం కాపలా తిరిగే ట్రాక్‌మన్లు చూసి కబురు పంపారు, రైళ్లు ఆగాయి. అలా చీకట్లో, వానలో గండి చూసిన మనిషి ఏం చేయాలో రైల్వే రూల్సులో రాసి ఉంది. గండి దగ్గర ఎర్ర దీపం పెట్టాలి. రైలొచ్చే దిక్కుకి పరుగెత్తి 600 మీటర్ల దగ్గర పట్టా మీద ఒక డిటోనేటర్ బిగించాలి. చక్రం ఎక్కితే ఢామ్మని పేలి డ్రైవర్‌ని లేపేది అది. ఇంకా పరుగెత్తి 1200 మీటర్ల దగ్గర, పదేసి మీటర్ల దూరంలో, ఇంకో మూడు. సింగిల్ లైనైతే రెండు వైపుల నుంచీ రావచ్చు. అప్పుడు ముందు ఎటు పరుగెత్తాలి? ఏ వైపు నుంచి రైలు ముందు వస్తుందో అటు. అందుకే కాపలాకి బయల్దేరే ముందు టైం టేబుల్ కంఠతా వచ్చి ఉండాలి.